వెనక్కి దారి ఉండగానే

ఎస్.వి. రంగారావు స్మారకోపన్యాసం

 ఈ సభ ముందు వరసలో పద్యనాటకాన్ని భుజాన మోసిన పెద్దలు కూర్చుని ఉన్నారు. ప్రతినాయకుడి గురించి చెప్పే అర్హత నాకన్నా వారికే ఎక్కువ. నేను ఏనాడూ ముఖానికి రంగు వేసుకోలేదు. ప్రేక్షకుణ్ణి. చూసి, ఇంటికి వెళ్ళి, నిద్ర పట్టక ఆలోచించినవాణ్ణి. ప్రేక్షకుల వరసలోంచే మాట్లాడతాను.

సామర్ల వెంకట రంగారావు గారు 1918 జూలై 3న నూజివీడులో పుట్టారు. మా ఊరు అక్కడికి ఇరవై కిలోమీటర్ల లోపే, అందుకని ఆయన మా మనిషన్న అభిమానం నాకు చిన్నప్పటి నుంచీ ఉంది. కాకినాడ యంగ్‌మెన్స్ హ్యాపీ క్లబ్ నాటకాల్లో ఆయన చెయ్యి తిరిగింది. అగ్నిమాపక శాఖలో ఉద్యోగం చేశారు. 'వరూధిని'లో ప్రవరుడి వేషం వేస్తే ఆ సినిమా ఆడలేదు. జంషెడ్‌పూర్ వెళ్ళి టాటా కంపెనీలో పనికి కుదిరారు. అక్కడితో ఆగిపోయి ఉంటే మనకు 'షావుకారు'లో సున్నం రంగడు లేడు, 'పాతాళభైరవి' మాంత్రికుడు లేడు. 1974 జూలై 18న మద్రాసులో కన్ను మూసేనాటికి ఆయనకు 56 ఏళ్ళే. ఆ కాస్త కాలంలో హరిశ్చంద్రుడూ ఆయనే, కీచకుడూ ఆయనే. ఘటోత్కచుడు, యముడు, తాండ్ర పాపారాయుడు, హిరణ్యకశిపుడు, దుర్యోధనుడు, రావణుడు, ఉమ్మడి కుటుంబంలో కన్నీళ్ళు దిగమింగుకున్న పెద్దాయన. సత్యం కోసం ఆలిని అమ్ముకున్నవాణ్ణీ పరాయి ఆలిని చెరపట్టబోయినవాణ్ణీ ఒకే మనిషి ముఖంలో మనం నమ్మాం.

ఆయన పేరు మీద మాట్లాడమన్నప్పుడు నాకు తట్టిన ప్రశ్న ఒకటే. చెడ్డవాడని తెలిసి తెలిసీ ఒక మనిషిని చూడటానికి టికెట్టు కొనుక్కుని ఎందుకు వెళతాం? వెళ్ళి, ఇంటికొచ్చాక నాయకుడి మాటలు మరిచిపోయి వాడి మాటలే ఎందుకు అనుకరిస్తాం?

1

ముందు మాట సంగతి చూద్దాం. విలన్ అనే ఇంగ్లీషు మాటకు వేరు ఎక్కడుందో తెలిస్తే మనసు కలుక్కుమంటుంది. అది ఒకప్పుడు దొరగారి పొలంలో పనిచేసే పల్లెటూరి మనిషికి పేరు. పైవాళ్ళు ఆ మనిషిని చిన్నచూపు చూడగా చూడగా, పేరు కాస్తా నీచుడనే అర్థానికి జారిపోయింది. మనవాళ్ళు పెట్టుకున్న మాట ప్రతినాయకుడు. దాని కడుపులో నాయకుడు భద్రంగా ఉన్నాడు.

ధనంజయుడి 'దశరూపకం' ప్రతినాయకుణ్ణి లోభి అంది, మొండివాడంది, పాపి అంది, వ్యసనపరుడంది. ఇన్ని అంటూనే ధీరోద్ధతుడని కూడా అంది. ధైర్యం మాత్రం అతని దగ్గర లాక్కోలేదు. రాముడికి రావణుడు, ధర్మరాజుకు దుర్యోధనుడు ఆ సంప్రదాయం చూపించే ఉదాహరణలు. దండి 'కావ్యాదర్శం'లో ఇంకాస్త ముందుకు వెళ్ళి, శత్రువు వంశాన్నీ పరాక్రమాన్నీ చదువునీ ముందు వర్ణించి, ఆ తరవాత నాయకుడు అతన్ని గెలిచాడని చెబితే తన మనసుకు మరింత ఇంపుగా ఉంటుందన్నాడు. శత్రువు ఎంత ఎత్తయితే గెలిచినవాడు అంత ఎత్తు.

పెద్దాయన మాటను నేను కాదనను. కాని అది నాయకుడి వైపు నుంచి చెప్పిన కారణం. 1958లో 'భూకైలాస్' చూసినవాళ్ళను తలుచుకోండి. తల్లి పూజ కోసం శివుడి ఆత్మలింగం తేబోయి, చేతికందిన దాన్ని పోగొట్టుకున్న రావణుడి కోసం హాల్లో ఆడవాళ్ళు కొంగుతో కళ్ళు ఒత్తుకున్నారు. ఆ నిమిషంలో వాళ్ళకు రాముడు గుర్తే లేడు. ఏ నాయకుణ్ణీ పెంచటానికి వాళ్ళు ఏడవలేదు. ఆ ఏడుపుకు దండి దగ్గర సమాధానం లేదు.

2

ఇక్కడ ఒక సంగతి విడదీసి చెప్పుకోవాలి, లేకపోతే తరవాత చిక్కుపడతాం. మనకు నచ్చిన ప్రతి దుర్మార్గుడూ సంక్లిష్టుడు కాడు.

నేపాళ మాంత్రికుణ్ణే తీసుకోండి. 1951లో 'పాతాళభైరవి' వచ్చేనాటికి రంగారావు గారికి 33 ఏళ్ళు కూడా నిండలేదు. ఆయన పలికిన 'డింభకా' అన్న సంబోధన ఇవాళ్టికీ మన ఊళ్ళలో మేనమామలు మేనల్లుళ్ళను పిలవటానికి పనికొస్తోంది. అంత ప్రేమ ఆ మాంత్రికుడంటే. అయినా అతని మనసులో రెండో ఆలోచన ఏదైనా ఉందా? సాహసవంతుడైన కుర్రవాడు కావాలి, భైరవికి బలి ఇవ్వాలి, కోరినదిచ్చే ప్రతిమ తనకు రావాలి. చచ్చి శిష్యుడి చేత మళ్ళీ బతికినా అతని కోరిక మారలేదు. మరి ఎందుకు నచ్చాడు? పనితనం వల్ల. అతనికి తన విద్య క్షుణ్ణంగా తెలుసు, తెలిసినదాన్ని ఆనందంగా చేస్తాడు. గిరీశం కూడా అంతే. 'కన్యాశుల్కం' మొదట 1892లో విజయనగరంలో ఆడారు, 1909లో గురజాడ దాన్ని దాదాపు కొత్తగా రాశారు. అప్పటి నుంచీ గిరీశం నాలుక మనల్ని వదల్లేదు. అది వాక్చాతుర్యం మీద మోజు. ఆ మోజు తప్పని నేను అనను. కాని ఈ సాయంత్రం నేను వెతుకుతున్నది మరొకటి, నవ్వు ఆగిపోయాక కూడా మిగిలి గుండెను పట్టి ఉంచేది.

3

దుర్యోధనుడి దగ్గర అది దొరుకుతుంది.

తెలుగువాళ్ళు ఇతన్ని మిగతా దేశం కన్నా ఎక్కువ దగ్గరికి తీసుకున్నారని నా నమ్మకం. 1966లో ఎన్.టి. రామారావు గారు 'శ్రీకృష్ణ పాండవీయం' తీసి, కృష్ణుడూ తానే దుర్యోధనుడూ తానే అయ్యారు. ఆ సినిమా శకుని పగతో మొదలవుతుంది. దుర్యోధనుడు శకుని తండ్రినీ అన్నదమ్ములనూ చెరలో పెట్టి చంపించాడనీ, తండ్రి ఎముకలతో చేసిన పాచికలతో శకుని కౌరవ వంశాన్ని కూల్చాడనీ కథ. వ్యాసుడిలో ఇది లేదు. జనం నోట పుట్టి పెరిగిన కథ. చదువురాని మనిషి కూడా మేనమామ దుర్మార్గానికి ఒక లెక్క ఉండాలని కోరుకున్నాడు, లేకపోతే తానే అల్లుకున్నాడు.

ఆ తరవాత 1977 సంక్రాంతికి 'దాన వీర శూర కర్ణ' వచ్చింది. దాదాపు నాలుగు గంటల సినిమా. రామారావు గారే కర్ణుడు, దుర్యోధనుడు, కృష్ణుడు. కొండవీటి వెంకటకవి గారి సంభాషణలు. అస్త్రవిద్యా ప్రదర్శన సభలో కర్ణుణ్ణి కులం అడిగినప్పుడు దుర్యోధనుడు లేచి సభలోని పెద్దల పుట్టుకలన్నీ విప్పుతాడు. ఇక్కడున్న సగం మందికి ఆ సంభాషణ కంఠతా వచ్చని నాకు తెలుసు, పెదవులు కదులుతున్నాయి కూడా. ఆ వాదన సినిమావాళ్ళు కల్పించిందేమీ కాదు. వీరుల పుట్టుకా నదుల పుట్టుకా వెతకబోవద్దన్న అర్థం వ్యాసుడి ఆదిపర్వంలోనే దుర్యోధనుడి నోట ఉంది. పుట్టుక పేరు చెప్పి వెనక్కి నెట్టబడిన మనుషులు ఆ చీకటి హాల్లో కూర్చుని ఆ మాటలు విన్నారు. తమ తరఫున ఇంత గొంతుతో మాట్లాడినవాడు తెర మీద అప్పటిదాకా మరొకడు లేడు. ఆ చప్పట్లు నటనకే కొట్టారని నేను అనుకోను.

ఇప్పుడు జాగ్రత్తగా చూడండి. అంగరాజ్యం ఇచ్చినప్పుడు దుర్యోధనుడిలో స్నేహం ఉందా, అర్జునుడికి తగిన జోడు దొరికాడన్న లెక్క ఉందా? ఒకటి పైపైదనీ రెండోది అసలుదనీ తేల్చబోతే మనిషి జారిపోతాడు. స్నేహమూ నిజమే, లెక్కా నిజమే. ఆ లెక్కతో మొదలైన స్నేహం చివరిదాకా చెడలేదు. అయితే కులం పేరుతో జరిగిన అవమానాన్ని సహించలేకపోయిన ఆ మనిషే కొన్నాళ్ళకు జూదసభలో ఒక ఇల్లాలిని ఈడ్చి తెప్పించాడు. పుట్టుక మాట పడి తల వంచుకున్న కర్ణుడే ఆ సభలో ఆమెను నోటికొచ్చినట్టు అన్నాడు. న్యాయం ఏమిటో వాళ్ళిద్దరికీ తెలుసు. తమ దాకా వచ్చినప్పుడు చక్కగా తెలిసింది. ద్రౌపది దాకా వచ్చేసరికి ఆ తెలివిని పక్కన పెట్టారు.

నన్ను పట్టి ఉంచేది ఇదే. తెలియనివాడు చేసిన తప్పు మీద మనకు జాలి కలుగుతుంది. తెలిసినవాడు, వెనక్కి తిరిగే దారి కళ్ళ ముందే ఉన్నవాడు, ముందుకే అడుగు వేస్తుంటే మాత్రం ఊపిరి బిగపట్టి చూస్తాం. ఆ దారి మనకూ కనిపిస్తుంటుంది కనక.

4

'నర్తనశాల' 1963లో వచ్చింది. కమలాకర కామేశ్వరరావు గారి దర్శకత్వం. మరుసటి ఏడు జకార్తాలో జరిగిన ఆఫ్రో ఏషియన్ చలనచిత్రోత్సవంలో కీచకుడి పాత్రకు రంగారావు గారిని ఉత్తమ నటుడన్నారు. మా ఊరి టూరింగ్ టాకీసుకు అది ఎప్పటికో వచ్చింది. నాకు పదేళ్ళు ఉంటాయి. మర్నాడు పొద్దున రోకలి భుజాన వేసుకుని, పొట్ట ముందుకు పెట్టి, కీచకుడి నడక నడుస్తూ వంటింట్లోకి వెళ్ళాను. మా అమ్మ పొయ్యి ఊదుతోంది. తల ఎత్తి చూసింది. "నడక బాగానే పట్టావురా. ఆ గిన్నె పట్టుకుని సైరంధ్రి వాడింటికి ఎట్లా నడిచి వెళ్ళిందో అది కూడా చూశావా?" అంది.

చూడలేదు. రాణి సుదేష్ణ మద్యం తెమ్మని పాత్ర ఇచ్చి పంపితే, వెళ్ళనని చెప్పే వీలు లేని దాసిగా సావిత్రి అడుగులు వేసింది. హాలంతా రంగారావు గారి కోసం ఎదురు చూస్తుంటే, ఆడవాళ్ళ బెంచీల వైపు మాత్రం ఆ అడుగులే చూశారు. అది నాకు అర్థం కావటానికి పాతికేళ్ళు పట్టింది.

కీచకుడు సంక్లిష్టుడంటే కొందరు ఒప్పుకోరు. కాముకుడు, అంతే కదా అంటారు. విరాటపర్వం మళ్ళీ తెరవండి. అతను మత్స్య దేశపు సేనాని. త్రిగర్త రాజు సుశర్మ అతని చేతిలో ఎన్నిసార్లో దెబ్బ తిన్నవాడు. కీచకుడు చచ్చాడన్న కబురు అందగానే ఆ సుశర్మే ఆవుల మందల మీద పడ్డాడు. అంటే ఆ రాజ్యపు పిల్లాపాపా అన్నాళ్ళూ కంటినిండా నిద్రపోయింది కీచకుడి కత్తి ధైర్యంతోనే. విరాటుడికి ఆ సంగతి తెలుసు. అందుకే నిండు కొలువులో కీచకుడు సైరంధ్రిని తన్నినప్పుడు రాజు అతన్ని ఏమీ అనలేదు. ఆమె న్యాయం అడిగింది. అది దొరకలేదు. కంకుభట్టు వేషంలో ఉన్న ధర్మరాజు ఆమెనే లోపలికి పొమ్మన్నాడు. ఆయనకు తన కారణాలు ఉన్నాయి. అందరికీ కారణాలు ఉన్నాయి. ఆ కొలువులో కారణం లేనిది దెబ్బ తిన్న మనిషికి ఒక్కదానికే.

మనల్ని కాపాడేవాడే మనలో ఒకరికి పులి అయినప్పుడు ఏం చేస్తాం? ఇంటికి తిండి పెట్టే పెద్దమనిషి, ఊరికి బడి కట్టించిన పెద్దమనిషి, గడప లోపల ఏం చేసినా చూడనట్టు ఉండటం మనం ఎరగని విషయమా? కీచకుడి కథ బతికి ఉండటానికి కారణం నా దృష్టిలో అతని మోహం ఒక్కటే కాదు, అతని అవసరం. రంగారావు గారు దాన్ని పట్టుకున్నారు. ఆయన కీచకుడు ఎక్కడా వీధి రౌడీలా తూలడు. తను లేకపోతే ఈ సింహాసనం నిలవదని తెలిసిన మనిషి ధీమా ఆ నడకలో ఉంది. తన భర్తలు అయిదుగురు గంధర్వులనీ, తన జోలికి వస్తే బతకడనీ సైరంధ్రి హెచ్చరించింది కూడా. వెనక్కి పోయే దారి ఆమే చూపించింది.

అందుకని నేను నాకోసం ఒక కొలత పెట్టుకున్నాను. మా అమ్మ ఇచ్చిన కొలత. ప్రతినాయకుడి మనసులోకి ఎంత లోతుకైనా వెళ్ళవచ్చు. ఆ లోతుకు పోయే క్రమంలో అతని చేతిలో నలిగిన మనిషి ముఖం మనకు కనపడకుండా పోతే ఆ కథ అబద్ధమాడుతోంది. ఇవాళ గొప్ప విలన్లని పేరు తెచ్చుకుంటున్న పాత్రల్లో చాలావి ఈ కొలతకు ఆనవు. చుట్టూ శవాలు ఉంటాయి, వాటికి పేర్లు ఉండవు.

5

ఇక ఫ్లాష్‌బ్యాకు సంగతి. ఇది చెప్పాలనే ప్రధానంగా వచ్చాను, కాస్త ఎక్కువ సమయం తీసుకుంటాను, మన్నించండి.

ఈ మధ్య కథలు రాస్తున్న యువకులు తమ రాతప్రతులు నాకు చూపిస్తుంటారు. అందరి ప్రతినాయకులకూ ఒక చిన్నతనం ఉంటుంది. ఆ చిన్నతనంలో ఒక దెబ్బ ఉంటుంది. తండ్రి కొట్టాడు, ఊరు తరిమింది, ఆకలికి రొట్టె దొంగిలిస్తే కట్టేశారు. ఆ ఒక్క అధ్యాయంతో పాత్ర సంక్లిష్టమైపోయిందని వాళ్ళ భావన. నాకు బాధ కలుగుతుంది. ఆ దెబ్బలు అబద్ధమని అనటం లేదు. ఆ దెబ్బ దగ్గరే కథ అయిపోతోందని బాధ. తాళం చెవి తిప్పితే బొమ్మ నడిచినట్టు, చిన్నప్పటి దెబ్బ తగిలింది కాబట్టి పెద్దయ్యాక చంపాడు అంటే, ఇక ఆ మనిషి చేసిందేముంది? కారణం చెప్పటం వేరు, నిర్ణయం చూపించటం వేరు. పుట్టుక వల్ల సింహాసనం దక్కనివాడు కౌరవుల ఇంట్లోనే మరొకడున్నాడు, విదురుడు. కర్ణుడి గాయం లాంటి గాయమే అతనిదీ. ఆ గాయంతో అతను నడిచిన దారి వేరు. ఫ్లాష్‌బ్యాకు ఒక్కటే చాలితే విదురుణ్ణి ఏం చెయ్యాలి?

హిరణ్యకశిపుడి దగ్గరికి రండి. మన తొలి తెలుగు టాకీ అతని ఇంటి కథే, 'భక్త ప్రహ్లాద'. అందులో మునిపల్లె సుబ్బయ్య గారు ఆ వేషం వేశారు. 1967లో రంగారావు గారు వేశారు, ప్రహ్లాదుడు చిన్నారి రోజారమణి. ఇతనికి ఫ్లాష్‌బ్యాకు కావలసినంత ఉంది. తోడబుట్టిన హిరణ్యాక్షుణ్ణి విష్ణువు వరాహమై చంపాడు. పగకు ఇంతకన్నా ఏం కావాలి? కాని భాగవతం అక్కడ ఆగలేదు. సప్తమ స్కంధంలో ఒక చోటు ఉంది, దాన్ని చాలామంది దాటేసి ప్రహ్లాదుడి దగ్గరికి పరిగెత్తుతారు. కొడుకు చావుకు ఏడుస్తున్న తల్లి దితిని, మరదలిని హిరణ్యకశిపుడు కూర్చోబెట్టి ఓదారుస్తాడు. సుయజ్ఞుడనే రాజు యుద్ధంలో చచ్చిపడితే భార్యలు ఏడుస్తుండగా యముడే చిన్న పిల్లవాడి రూపంలో వచ్చి ఆత్మకు చావు లేదని చెప్పిన కథ వినిపిస్తాడు. విన్న తల్లి కుదుటపడుతుంది. అంత చక్కగా చెప్పగలిగినవాడు. చెప్పి, అక్కణ్ణుంచి లేచి, తన శరీరానికి చావు రాకూడదని తపస్సుకు వెళ్ళాడు.

ఈ రెండు పనుల మధ్య ఉన్న సందు చూడండి. నాకు తెలిసిన ఏ నవలలోనూ ఇంతకన్నా లోతైన పగులు లేదు. తత్వం వచ్చు. తల్లి కన్నీళ్ళు తుడవటానికి అది పనికొచ్చింది. తన భయం ముందు పనికిరాలేదు.

ఆ తరవాత కొడుకు. చదువుకుని వచ్చిన బిడ్డను తొడ మీద కూర్చోబెట్టుకుని, ఏం నేర్చుకున్నావు నాన్నా అని మురిపెంగా అడిగాడు ఆ తండ్రి. రంగారావు గారి ముఖంలో ఆ మురిపెం సినిమా చివరిదాకా పూర్తిగా ఆరిపోదని నాకు ఎప్పుడు చూసినా అనిపిస్తుంది. కోపం దాని మీద వచ్చి కూర్చుంటుంది, అడుగున అది తడిగానే ఉంటుంది. ఏనుగులతో తొక్కించాడు, పాములతో కరిపించాడు, విషం పెట్టించాడు, మంటల్లో వేయించాడు, కొండ మీంచి తోయించాడు. పిల్లలకు కథ చెప్పేటప్పుడు ఇవన్నీ దేవుడి మహిమలని చెబుతాం. పెద్దవాళ్ళం, ఆ తండ్రి వైపు నుంచి ఒకసారి లెక్కపెట్టుకుందాం. ప్రతిసారీ బిడ్డ ఒంటి మీద గీత పడకుండా తిరిగి వచ్చాడు. ప్రతిసారీ ఆ తండ్రికి చేతులు చాచి దగ్గరికి తీసుకునే వీలు వచ్చింది. ఎన్ని గండాలో అన్నిసార్లు తలుపు తెరుచుకుంది. అతను తలుపు వైపు చూశాడు కూడా. ఆ చూపు కోసమే రంగారావు గారిని మళ్ళీ మళ్ళీ చూస్తాను.

కథలు రాసే పిల్లలు ఈ సభలో ఉంటే నా వేడుకోలు ఇది. మీ ప్రతినాయకుడికి గాయం ఇవ్వండి, వద్దనను. దానితోపాటు ఒక అవకాశం కూడా ఇవ్వండి. అతను మారిపోగలడేమోనని పాఠకుడు నిజంగా ఆశపడే ఒక పూట ఇవ్వండి.

6

తిరుపతి వెంకట కవుల 'పాండవోద్యోగ విజయములు' మన పల్లెల్లో ఎన్ని రాత్రులు ఆడాయో లెక్క కట్టగలవాళ్ళు లేరు. అందులో ఎక్కువ పేరు వచ్చిన ఘట్టాలేమిటో తలుచుకోండి. పడక సీను, రాయబారం. రెండూ యుద్ధానికి ముందువే. భీముడు తొడ విరగ్గొట్టటం చూడటానికి కన్నా, ఇంకా ఏదీ జరగని ఆ రాత్రుల్లోకి జనం ఎగబడి వెళ్ళారు. పడక సీనులో దుర్యోధనుడు కృష్ణుణ్ణి అర్జునుడికి వదిలేసి, వచ్చిన సైన్యానికి సంతోషపడి లేచిపోతాడు. రాయబారంలో అయిదూళ్ళు చాలంటే అదీ ఇవ్వనంటాడు. ఆ వేషానికి మాధవపెద్ది వెంకట్రామయ్య గారి వంటివారు ప్రాణం పోశారు. కృష్ణుడి పద్యానికి వన్స్‌మోర్ పడితే, దుర్యోధనుడి పద్యానికీ పడేది. తప్పు చేస్తున్నవాడి చేత ఆ తప్పును రెండోసారి పాడించుకున్న జనం మనం.

మా ఊళ్ళో శ్రీరామనవమి పందిట్లో ఏటా రాయబారం ఆడేవారు. మా తాతయ్య నన్ను పక్కన కూర్చోబెట్టుకునేవాడు. ఆయనకు అందులో పద్యాలన్నీ నోటికి వచ్చు. హార్మోనియం మీద వేలు పడగానే ఏ పద్యమో చెప్పేసేవాడు. కథ ఎక్కడికి పోతుందో ఆ పందిట్లో తెలియనివాళ్ళు ఎవరూ లేరు. తెల్లవారుజామున, పెట్రోమాక్సు లైట్లు పాలిపోయే వేళకు, కృష్ణుడు సంధి మాట చివరిసారి చెప్పి ఊరుకునేవాడు. దుర్యోధనుడి వేషం కట్టిన ఆయన వెంటనే అందుకునేవాడు కాదు. గద మీద చెయ్యి వేసుకుని, కిరీటం బరువుకు కొంచెం వంగి, జనం వైపు చూస్తూ నిలబడేవాడు. హార్మోనియం ఆగిపోయేది. నిద్రలో ఉన్న పిల్లలు ఆ నిశ్శబ్దానికి లేచేవాళ్ళు.

అప్పుడు మా తాతయ్య ముందుకు వంగి, ఎవరికీ వినపడకుండా, ప్రతి ఏడూ ఒకే మాట అనేవాడు.

"ఇప్పుడన్నా ఒప్పుకోరా, నాయనా."